పేరు పెట్టుకునేది మనం, పిలిచేది ఊరు

(2024 ఏప్రిల్ 15న నెల్లూరులో జరిగిన ఒక చిన్న సమావేశంలో, కందుకూరు ప్రాంతానికి చెందిన ఒక దస్తావేజు లేఖరి చేసిన ప్రసంగ పాఠం ఇది. ఆయన ట్రాన్స్ పురుషుడు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా లెక్కవేసినా తాను మగవాణ్ణని తెలుసుకున్న మనిషి. ఆనాడు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసిపెట్టాము. తడబాట్లు మాత్రమే తీసివేశాము. చట్టం, నియమాల గురించి ఆయన చెప్పినదంతా ఆ తేదీ నాటి సంగతి. ఆయన కోరిన ప్రకారం ఆయన పాత పేరును గాని కొత్త పేరును గాని ఇందులో రాయలేదు.)

సభకు నమస్కారం. ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం మూడు గంటల వేళ, నెల్లూరులో ఒక గది నిండిందంటే వక్త గొప్పవాడని కాదు, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయని అర్థం. ఫ్యాన్ల కింద కూర్చున్నవారు కాస్త సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడ్డవారికి చోటివ్వండి. వచ్చే నెల 13న పోలింగు ఉన్నది గనుక ఇది రాజకీయ సభ కాదని నిర్వాహకులు తలుపు మీద కాగితం అంటించారు. నేను కూడా దానికి కట్టుబడి, ఇచ్చిన గంటసేపూ ఒక్క పేరు విషయమే మాట్లాడతాను.

ఏ పేరు? పుట్టినప్పుడు మనల్ని అడగకుండా పెద్దలు పెట్టిన పేరు అందరికీ ఉంటుంది. అది ఆడపేరో మగపేరో అయి ఉంటుంది. ఆ పేరు తనది కాదని కొందరికి ఏదో ఒక వయసులో తెలుస్తుంది. నాకు ఆరో తరగతిలో, హాజరు పిలిచేటప్పుడు తెలిసింది. పలకడానికి నోరు రాక, చెయ్యి మాత్రం ఎత్తేవాణ్ణి. ఆ పేరును వదిలి, మనకు మనమే పేరు పెట్టుకునే పని గురించి ఈరోజు చెబుతాను. సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీ గార్లు తీర్పు ఇచ్చి, ఎవరు ఏ లింగానికి చెందుతారో తేల్చుకునే హక్కు ఆ మనిషిదే అని చెప్పి నేటికి సరిగ్గా పదేళ్ళు. ఈ సభ ఈ తేదీన పెట్టడానికి కారణం అదే. తీర్పు సంగతికి తరువాత వస్తాను.

నా వృత్తి దస్తావేజులు రాయడం. రిజిస్ట్రారు కచేరీ ఎదుట మొదట చెట్టు కింద, తరువాత ఒక రేకుల గదిలో కూర్చుని క్రయాలు, తనఖాలు, దానాలు, భాగపరిష్కారాలు రాస్తూ వచ్చాను. ఈ వృత్తిలో ఒక సంగతి గమనించాను. దస్తావేజులో మనిషి పేరు ఒంటరిగా ఎక్కడా ఉండదు. ఫలానా వారి కుమారుడు అనో, ఫలానా వారి కుమార్తె అనో, ఫలానా వారి భార్య అనో రాసిన తరువాతే వయసు, వృత్తి, నివాసం రాస్తాము. అంటే ఒక మనిషి పేరు రాయాలంటే ఇంకొక మనిషి పేరు పక్కన ఉండి తీరాలి. పేరు మార్చుకుంటే నాలుగు అక్షరాలు మారతాయని మీరు అనుకుంటారు. 'కుమార్తె' అన్న మాట 'కుమారుడు' కావాలి, ఆ మాటకు ముందున్న తండ్రి పేరు మాత్రం అట్లాగే ఉండాలి. ఆ తండ్రి దానికి ఒప్పుకున్నాడా లేదా అన్నది స్టాంపు కాగితం మీద కనబడదు, ఇంట్లో కనబడుతుంది.

పేరు మారితే మనిషి మారిపోయాడని భయపడేవారికి మా ఇంటి కాగితాలు చూపిస్తుంటాను. మా తాత ఇంటి స్థలం కొన్నప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది, దస్తావేజులో అట్లాగే ఉన్నది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడి కందుకూరు అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నెల్లూరు జిల్లాకు 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు చేర్చారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్ళీ విభజించినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. మా అమ్మ ఆ ఇంట్లో నుంచి కదలలేదు. రెండు జిల్లాల్లో కాపురం చేసింది. తూర్పున వీధి, పడమర చింతచెట్టు, ఉత్తరాన పాలివాళ్ళ గోడ, దక్షిణాన కాలవ. హద్దులు అవే. రేపు ఇంకొక ప్రభుత్వం వచ్చి మళ్ళీ మార్చినా మార్చవచ్చు. జిల్లా పేరు మార్చినప్పుడు ఎవరైనా ఆ జిల్లాను ఆసుపత్రికి తీసుకుపోయి పరీక్ష చేయించి రమ్మన్నారా? గెజిట్ అచ్చు వేశారు, బస్సుల మీద బోర్డులు మార్చారు, జనం కొంతకాలం పాత పేరు అన్నారు, తరువాత కొత్త పేరు అన్నారు. ఒంగోలు వాసులను అడగండి, జిల్లా పేరు ఎప్పుడు మారిందో సగం మందికి గుర్తుండదు.

ఇప్పుడు మన భాష సంగతి ఒకటి చెప్పాలి. ఇది నేను బడిలో నేర్చుకున్నది కాదు, పేరు మార్చుకునే రోజుల్లో కష్టపడి తెలుసుకున్నది. తెలుగులో 'నేను వచ్చాను' అంటే వచ్చింది ఆడో మగో తెలియదు. హిందీలో అట్లా కాదు, తన గురించి తాను చెప్పుకునేటప్పుడు కూడా ఆడో మగో చెప్పి తీరాలి. తెలుగులో నాకు ఆ బాధ లేదు. 'నువ్వు వచ్చావు' అన్నా తెలియదు. మరి ఎక్కడ తెలుస్తుంది? 'వచ్చాడు', 'వచ్చింది' అన్నప్పుడు తెలుస్తుంది. అంటే మనం ఎదురుగా లేనప్పుడు, మన గురించి ఇంకొకరు ఇంకొకరితో చెప్పుకునేటప్పుడు తెలుస్తుంది. చూడండి, ఎంత చిత్రమో! మన లింగం మన నోటిలో లేదు, ఎదుటివాడు మనతో మాట్లాడే మాటలోనూ లేదు, మన వెనక మాట్లాడుకునే మాటలో ఉన్నది. 'వచ్చింది' అన్నది మరీ చిత్రమైన మాట. ఆడమనిషి వచ్చినా వచ్చిందే, ఆవు వచ్చినా వచ్చిందే, బస్సు వచ్చినా వచ్చిందే. ఇక్కడ ఉన్న అక్కలు, అంటే ట్రాన్స్ స్త్రీలు, 'వచ్చింది' అనిపించుకోవడానికి ఏళ్ళ తరబడి పోరాడారు. నేను అదే మాట నుంచి బయటపడడానికి అన్ని ఏళ్ళూ పోరాడాను. 'వచ్చారు' అంటే ఎవరికీ నొప్పి లేదు. గౌరవమూ ఉంటుంది, ఆడా మగా అన్న ప్రశ్నా ఉండదు. తెలియనప్పుడు 'వచ్చారు' అనండి అని నేను కచేరీలో అందరికీ చెబుతుంటాను.

అయితే ముఖాముఖి మాట్లాడేటప్పుడు భాష మనల్ని పూర్తిగా వదిలేస్తుందా? వదలదు. అన్నా, అక్కా, అయ్యా, అమ్మా, ఏరా, ఏమే ఉన్నాయి గదా. బస్సులో కండక్టరు 'అమ్మా, టికెట్టు' అన్నాడంటే ఆ పూట అన్నం దిగదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పేరు పెట్టుకోవడం మన హక్కు, ఎవరూ కాదనలేరు. కాని పెట్టుకున్న పేరు మన నోటిలో ఉండదు. రోజుకు ఎన్నిసార్లు మన పేరు మనం పలుకుతాము? ఫోనులో ఒకసారి, కచేరీలో ఒకసారి. మిగిలినదంతా ఇంకొకరు పిలవవలసిందే. కనుక పేరు ఎంచుకునేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు. ఆ పేరు మీ వీధిలో ఎవరు, ఎట్లా, ఎంత గట్టిగా పిలుస్తారో చెవి పెట్టి వినాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

నేను మొదట నా పేరు చెప్పింది ఒక దర్జీకి. ఇంట్లోవారికి కాదు, స్నేహితులకు కాదు. మా ఊళ్ళో కాదు, కావలిలో. చొక్కాకు కొలతలు ఇచ్చి, చీటీ మీద ఏ పేరు రాయమంటారని ఆయన అడిగితే, అప్పటికి రెండేళ్ళుగా మనసులో అనుకుంటున్న పేరు చెప్పాను. ఆయన మామూలుగా రాసుకున్నాడు. చీటీలో సగం చింపి నాకిచ్చాడు, సగం బట్టకు గుచ్చాడు. పది రోజుల తరువాత పోయి బెంచీ మీద కూర్చున్నాను. లోపలి నుంచి ఆయన ఒక పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నన్ను మోచేత్తో పొడిచి, మిమ్మల్నేనేమో చూడండి అన్నాడు. అప్పుడు గాని నాకు తెలియలేదు, అది నా పేరని! రెండేళ్ళు మనసులో పలుకుకున్న పేరు బయట నుంచి వినబడితే నేను గుర్తుపట్టలేదు. అందుకని ఎవరు సలహా అడిగినా ముందు ఈ మాట చెబుతాను. స్టాంపు కాగితం కొనకముందు చొక్కా కుట్టించుకోండి. హోటల్లో పార్సిలు చెప్పి ఆ పేరు ఇవ్వండి. డాక్టరు దగ్గర టోకెను ఆ పేరుతో తీసుకోండి. ఆరు నెలలు పిలిపించుకోండి. కొన్ని పేర్లు కాగితం మీద అందంగా ఉంటాయి, పిలిస్తే చెప్పులో రాయిలా గుచ్చుకుంటాయి. అప్పుడు మార్చుకున్నా ఎవరికీ నష్టం లేదు.

ఇక ఇంటి సంగతి. నేను ఎంచుకున్నది మా తాత పేరు, నాయన తండ్రి పేరు. మాలకొండ నరసింహస్వామి పేరు అది. శనివారం తప్ప తలుపులు తెరవని ఆ గుడి మీలో చాలామందికి తెలుసు. మన వైపు పేర్లలో ఒక సౌకర్యం ఉన్నది, గమనించారా? పెంచలకోన స్వామి పేరు మగవాడికి పెడితే పెంచలయ్య, ఆడపిల్లకు పెడితే పెంచలమ్మ. మాలకొండయ్య, మాలకొండమ్మ. చెంచయ్య, చెంచమ్మ. స్వామి ఒకడే, కొండ ఒకటే, చివర రెండక్షరాలు తేడా. మస్తాన్ అన్న పేరు తీసుకోండి. కసుమూరు దర్గా మొక్కుతో పుట్టిన పిల్లలు నెల్లూరు చుట్టూ ఎన్ని వందలమంది! మస్తానయ్య ఉన్నాడు, మస్తానమ్మ ఉన్నది, మస్తాన్‌బీ ఉన్నది, మస్తాన్‌రెడ్డి ఉన్నాడు. ఆడకూ మగకూ సరిపోయింది, హిందువుకూ ముస్లిముకూ సరిపోయింది. తాము ఆడా కాదు మగా కాదు అనుకునేవారు మనలో ఉన్నారు. తోక కోసిన మస్తాన్ అన్న మాట వారికి కూడా సరిపోతుంది. ఇంత దగ్గర పేర్లు ఉండగా సినిమా తారల పేర్లు ఎందుకని కొందరు పెద్దలు ఎగతాళి చేస్తారు. నేను చెయ్యను. చిన్నప్పుడు తెర మీద చూసి, అట్లా ఉండాలని మొదటిసారి కోరుకున్న ముఖం పేరు పెట్టుకుంటే తప్పేమున్నది? ఒకే వీధిలో అదే పేరుతో నలుగురు ఉంటే పోస్టు తారుమారవుతుంది, అంతే ఇబ్బంది.

తాత పేరు పెట్టుకుంటానన్నప్పుడు మా ఇంట్లో గొడవ నేను అనుకున్న చోట రాలేదు. ఆడపిల్లవు మగపేరు ఏమిటని అడుగుతారనుకున్నాను. ఆ మాట రెండు రోజుల్లో సద్దుమణిగింది. అసలు గొడవ మా అన్నతో వచ్చింది. మా వదినకు అప్పుడు ఏడో నెల. మగపిల్లవాడు పుడితే తాత పేరు పెట్టాలని వాళ్ళు ఎప్పుడో అనుకున్నారు. 'ఆ పేరు నా కొడుక్కి రావలసింది, నువ్వెట్లా తీసుకుంటావు?' అని మా అన్న అడిగాడు. అడిగినప్పుడు అతని గొంతులో కోపం లేదు, ఆస్తి పంపకంలో అన్యాయం జరిగినవాడి బాధ ఉన్నది. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను! ఎందుకంటే అన్నదమ్ముల మధ్య వచ్చే తగాదా అది. నన్ను తమ్ముడిగా లెక్కవేస్తే తప్ప ఆ తగాదా రాదు. ఆ సంగతి అతనికి తట్టలేదు, నేనూ చెప్పలేదు.

మా నాయన అప్పటికే లేడు. పెద్దల సలహా కోసం మా అమ్మ పంతులుగారి దగ్గరకు పోయింది. ఆయన పాతకాలపు మనిషి, ఏమంటాడోనని నేను బయట అరుగు మీద కూర్చున్నాను. ఆయన నా జన్మనక్షత్రం అడిగాడు. మఖ, మొదటి పాదం. పేరు 'మా' అన్న అక్షరంతో మొదలు కావాలి. పెట్టదలచిన పేరు ఆ అక్షరంతోనే ఉన్నది గదమ్మా, ఇంకేమిటి సందేహం అన్నాడు. మా అమ్మ మగపేరు అని నసిగింది. ఆయన పంచాంగం తిప్పి చూపించాడు. మా, మీ, మూ, మే అని నాలుగు పాదాలకు నాలుగు అక్షరాలున్నాయి. ఇవి ఆడపిల్లకు, ఇవి మగపిల్లవాడికి అని ఎక్కడా రాసిలేదు. పైగా మఖకు అధిదేవతలు పితృదేవతలు, తాత పేరు పెట్టుకుంటే మంచిదే అన్నాడు. నాకు జ్యోతిషం మీద నమ్మకం లేదు. ఉన్నవారు ఈ వాదం వాడుకోండి, నేను ఫీజు అడగను.

అన్నకు కొడుకే పుట్టాడు. చివరకు ఏం చేశాము? మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎప్పటి నుంచో చేస్తున్నదే చేశాము. ఒకే తాత పేరు నలుగురు మనవళ్ళకు పెట్టి పెద్ద, చిన్న, నల్ల, ఎర్ర అని పిలుచుకోని ఇల్లు ఉన్నదా? వాడు చిన్న, నేను పెద్ద. ఇరవై ఒకటో రోజున పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో ఆ పేరు రాస్తున్నప్పుడు నేను వెనకగా నిలబడ్డాను. నాకోసం ఎవరూ బియ్యం పొయ్యలేదు. అయినా అక్కడ రాస్తున్నది నా పేరే గదా! మా అన్న రాయడం అయిపోయాక తల ఎత్తి, ముందు నా వైపే చూశాడు.

మరి మా అమ్మ? కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదని ఆమెకు పట్టింపు. ఆమె తరం ఆడవాళ్ళు చాలామంది అంతే. మామ పేరు గల ఊరి పేరు కూడా చుట్టు తిప్పి చెబుతారు. అందుచేత మా అమ్మ నన్ను కొత్త పేరుతో ఒక్కనాడూ పిలవలేదు. అది తిరస్కారం అనుకుని నేను కొన్ని నెలలు మాట్లాడలేదు కూడా. పాత పేరు మానేసింది, కొత్త పేరు అనదు, 'అబ్బయ్యా' అంటుంది. ఒకనాడు ఏదో సర్వేకు ఇంటికి వచ్చిన అమ్మాయి మీ అబ్బాయి పేరేమిటమ్మా అని అడిగింది. నేను లోపల గదిలో ఉన్నాను. మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఏ పేరు చెబుతుందోనని నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. 'మా మామ పేరు నేనెట్లా చెప్పేది తల్లీ, అదో చూసి రాసుకో' అని గోడ మీద దండ వేసి ఉన్న తాత పటం చూపించింది. ఆ అమ్మాయి పటం కింద రాసి ఉన్న పేరు కూడబలుక్కుని చదివి రాసుకున్నది. పేరు పలకకుండా కూడా ఒప్పుకోవచ్చునని ఆరోజు తెలుసుకున్నాను. ఇంట్లోవాళ్ళు మీ పేరు అనడం లేదని బాధపడేవారు, వాళ్ళు దానికి బదులు ఏమంటున్నారో కూడా వినండి.

అందరి ఇళ్ళూ ఇట్లా ఉండవని నాకు తెలుసు. ఇల్లు వదిలి వచ్చినవారు ఈ గదిలో సగం మంది ఉన్నారు. వారికి పేరు, తల్లి స్థానంలో ఉన్న గురువు పెడుతుంది. అది కూడా తల్లి పెట్టిన పేరే. ప్రసిద్ధ భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్ గారు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమెకు 'నర్తకి' అన్న పేరు పెట్టింది నాట్యం నేర్పిన గురువు కిట్టప్ప పిళ్ళై. పని పేరే మనిషి పేరైంది. మన నెల్లూరులోనే ఒక అక్క సంగతి చెబుతాను, ఆమె అనుమతి ఉన్నది. స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గా రొట్టెల పండుగకు ఆమె పోయింది. అక్కడ పద్ధతి మీకు తెలిసిందే. కోరిక తీరినవారు రొట్టె తెస్తారు, కోరిక ఉన్నవారు అందుకుంటారు, తీరితే మరుసటి ఏడు తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అని కేకలు వేస్తున్నారు. ఈమె నీళ్ళలో దిగి 'పేరు రొట్టె ఎవరి దగ్గరైనా ఉందా' అని అడుగుతూ పోయింది. పేరు రొట్టె ఎవరి దగ్గర ఉంటుంది? ఒక ముసలామె విని, పేరు ప్రతిష్ఠల కోసం అనుకున్నదో ఏమో, తన చేతిలో ఉన్న ఆరోగ్య రొట్టె విరిచి సగం ఇచ్చింది. మరుసటి ఏడు గుర్తింపు కార్డు చేతికి వచ్చింది. ఈమె రొట్టె పట్టుకుపోయి పేరు రొట్టె, పేరు రొట్టె అని నిలబడితే గంటలోపల ముగ్గురు వచ్చారట.

నెల్లూరు సభలో తిక్కన సోమయాజి పేరెత్తకపోతే నన్ను మళ్ళీ పిలవరు. ఆయన భారతం విరాటపర్వంతో మొదలుపెట్టాడు. విరాటపర్వం మొదట్లో ఏమున్నది? పాండవులు ఒక చోట కూర్చుని పేర్లు ఎంచుకోవడం ఉన్నది. ధర్మరాజు కంకుడు, భీముడు వలలుడు, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు, అర్జునుడు బృహన్నల. మనల్ని గౌరవించాలనుకునేవారు మీవాళ్ళ ప్రస్తావన భారతంలోనే ఉన్నది గదా అని బృహన్నల పేరు చెబుతారు. వారి మనసు మంచిదే. కాని నాకు ఆ పోలిక పూర్తిగా నచ్చదు. బృహన్నల అన్నది దాక్కోవడానికి పెట్టుకున్న పేరు, ఏడాది కాగానే వదిలేసిన పేరు. నేను దాక్కున్నది పాత పేరులో, అదీ ఇరవై ఏడేళ్ళు. నాకు నచ్చేది ఆ కథలో ఇంకొక చోటు. జమ్మిచెట్టు దగ్గర తానే అర్జునుణ్ణని చెబితే ఉత్తరుడు నమ్మలేదు. అర్జునుడికి పది పేర్లున్నాయి, అవి చెప్పు, ఏ పేరు ఎందుకు వచ్చిందో చెప్పు అన్నాడు. పిడుగు పడ్డప్పుడు 'అర్జునా, ఫల్గుణా' అని మనం తలచుకునే పేర్లు అవే. గాండీవం ఎదురుగా ఉన్నా, ఆ మనిషి ఎదురుగా ఉన్నా, పేర్లకు రుజువు కావాలన్నాడు. కచేరీలో బల్ల వెనక కూర్చున్న గుమస్తాలను చూసినప్పుడల్లా నాకు ఉత్తరుడే గుర్తుకు వస్తాడు.

ఆ రుజువు విషయానికే వస్తున్నాను. 2014 తీర్పు, లింగ గుర్తింపు కోసం శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధం అన్నది. తరువాత 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2020 జనవరి 10 నుంచి అమలులోకి వచ్చింది, నియమాలు ఆ ఏడు సెప్టెంబరులో వచ్చాయి. జాతీయ పోర్టల్లో దరఖాస్తు, దానితో అఫిడవిట్. కలెక్టరు ముప్పై రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలి, వైద్య పరీక్ష అడగకూడదు. ఆ పత్రం మీద 'ట్రాన్స్‌జెండర్' అని ఉంటుంది. నాలాగా 'పురుషుడు' అని, లేదా 'స్త్రీ' అని కావాలంటే ఆసుపత్రి సూపరింటెండెంటు ధ్రువపత్రంతో మళ్ళీ అడగాలి. తీర్పు ముందు వాకిట్లో నుంచి పంపించిన షరతును చట్టం పెరటి తలుపు తీసి రానిచ్చిందని నా అభిప్రాయం. పేరు విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉన్నది. మొదటి ధ్రువపత్రం ఉన్నా చాలు, జనన ధ్రువపత్రంతో సహా గుర్తింపు పత్రాలన్నిటిలో మీ పేరు మార్చుకునే హక్కు ఉన్నది. ఆయా కార్యాలయాలు పదిహేను రోజుల్లో మార్చాలి. నా చదువు సర్టిఫికెట్లలో పేరు మార్చమని ఒక కార్యాలయానికి పోతే అక్కడి ఉద్యోగి, పదో తరగతి రాసింది ఆ అమ్మాయి గదా, నువ్వు కాదు గదా అన్నాడు. ఆ వాక్యానికి జవాబు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నియమం అచ్చు వేసిన కాగితం ఆయన ముందు పెట్టి, నాలుగుసార్లు తిరిగి, పై అధికారికి రాసి సాధించాను.

చట్టంలో 'ఫస్ట్ నేమ్' అన్న మాట వాడారు. తెలుగువాడికి ఫస్ట్ ఏది? ఇంటిపేరు. కంప్యూటరులో ఆ గడిలో ఇంటిపేరు పడి, అసలు పేరు రెండో గడిలోకి పోయి, చివరకు కార్డు మీద ఇంటిపేరే మీ పేరుగా అచ్చైతే నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, మార్పించడానికి నెలలు పడుతుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, లింగం ఒక్కసారే. కనుక సంఖ్యాశాస్త్రజ్ఞుడు చెప్పాడని ఇంగ్లీషులో ఒక 'ఏ' ఎక్కువ, ఒక 'హెచ్' తక్కువ పెట్టి ప్రయోగాలు చెయ్యవద్దు. ఇంటిపేరు ఉంచుకోవాలా అని కూడా అడుగుతారు. ఇంటిపేరు కులం చెబుతుంది, కొందరికి అది వదిలించుకోవాలని ఉంటుంది, మంచిదే. కాని పొలం, ఇల్లు, వారసత్వం ఏమైనా రావలసి ఉంటే తొందరపడకుండా నాలాంటివాణ్ణి ఒకసారి అడగండి. రేపు లింకు దస్తావేజులో, అంటే ఆస్తి ఎవరి నుంచి వచ్చిందో చూపే పాత దస్తావేజులో, ఉన్నది మీరేనని నిరూపించవలసింది మళ్ళీ మీరే.

పాత పేరును ఇప్పటి పిల్లలు డెడ్‌నేమ్ అంటారు. చచ్చిన పేరు అని నాకు అనబుద్ధి కాదు; అది పెట్టింది మా నాయన, చేతిలో అంతకంటే మంచి పేరు లేక పెట్టాడు. నేను 'వదిలిన పేరు' అంటాను. అయితే దాన్ని ఎవరూ అడగకూడదు. పరిచయమైన ఐదు నిమిషాలకు 'అసలు పేరేమిటి' అని అడుగుతారు. అసలు పేరు చెప్పిన తరువాతే గదా మీరు ఈ ప్రశ్న అడిగారు? దస్తావేజులో అవసరమైతే 'ఉరఫ్' అని ఒక్కసారి రాస్తాము, అదీ హక్కు తెగకుండా ఉండడానికి. ఆ తరువాతి పుటల్లో దాని అవసరం ఉండదు.

సమయం అయిపోయిందని వెనక నుంచి చెయ్యి చూపిస్తున్నారు. బయట వరండాలో బల్ల వేశాము. అఫిడవిట్ నమూనాలు తెలుగులో ఉన్నాయి. ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు తెచ్చుకున్నవారు వరుసలో రండి, సాయంత్రం ఆరు వరకు ఉంటాను, డబ్బు ఇవ్వవలసిన పని లేదు. ఓటరు స్లిప్పులో పాత పేరే వచ్చిందని బాధపడుతున్నవారు కూడా కలవండి. ఈ ఎన్నికకు దానితోనే పోయి ఓటు వెయ్యండి, ఓటు మానుకోవద్దు, తరువాత మార్పిద్దాము. పేరు ఇంకా తేలనివారు ఆ గడి ఖాళీగా వదిలి మిగతావన్నీ నింపండి. పెన్సిలు నా దగ్గర ఉన్నది.